మాటల నిగ్గు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి?" అన్నవే. నిఘంటువు తిరగేస్తే రెంటికీ ఒకే అర్థం ఇచ్చి ఉంటుంది. వాడుకలో మాత్రం ఒకటి ఇమిడిన చోట రెండోది ఇమడదు. రెండు మాటలనూ ఒకే వాక్యంలో మార్చి మార్చి పెట్టి చదవండి. వాక్యం ఎక్కడ ఎబ్బెట్టుగా తోస్తే ఆ మాట హద్దు అక్కడ ఉంది. అందుకే ప్రశ్న పంపేటప్పుడు విడిమాట కాకుండా, అది వచ్చిన వాక్యం మొత్తం రాసి పంపండి. ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో ఒక ముక్క చేరిస్తే ఇంకా మేలు.

ప్రశ్న: "తుపానుకు మా కొబ్బరితోట పడిపోయింది" అని దరఖాస్తు రాస్తే, వివరంగా రాసి తెమ్మని తిప్పి పంపారు. ఇంతకంటే వివరం ఏముంటుంది? (ఒక రైతు, కవిటి)

జవాబు: మీరు రాసింది నిజమే. కానీ చదివే అధికారికి కావలసిన సంగతి అందులో లేదు. చెట్టు బతుకుతుందా, చచ్చిందా? పోయింది చెట్టా, ఈ ఏటి కాపా? "పడిపోయింది" అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలు ఎలా పోయాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు తోటంతా ఒక్క తీరుగా పోదు, ఒక్కో చెట్టు ఒక్కోలా పోతుంది. తెలుగులో ఒక్కోదానికీ ఒక్కో మాట ఉంది.

"కూలింది" అంటే మొదలంటా నేలకు వచ్చింది. వేళ్లు పైకి లేస్తే "వేళ్లతో పెకలి కూలింది" అని రాయండి. మాను మధ్యలో తెగిపడితే "మాను విరిగింది". "ఒరిగింది" అంటే ఒక పక్కకు వాలింది గానీ వేళ్లు ఇంకా నేలలో ఉన్నాయి, నిలబెట్టే ఆశ ఉంది. ఇక చాలామంది రాయకుండా వదిలేసేది "మొవ్వు విరిగింది". కొబ్బరికి ఎదిగే చోటు మొవ్వు ఒక్కటే. అది విరిగితే మాను నిటారుగా నిలబడి ఉన్నా ఆ చెట్టు చచ్చినట్టే. దూరం నుంచి చూసి లెక్క రాసుకునేవాళ్లకు అది నిలబడిన చెట్టుగానే కనబడుతుంది, కాబట్టి మీరే రాయాలి. "మట్టలు విరిగాయి, గెలలు రాలాయి" అంటే చెట్టు దక్కింది, కాపు పోయింది. జీడిచెట్టుకు "కొమ్మలు చీలాయి" అన్న మాట వాడతాం. కొమ్మ విరిగితే ముక్క వేరుపడుతుంది. చీలితే పంగ దగ్గర రెండుగా విచ్చుకుని మానునే పట్టుకుని వేలాడుతుంది.

దరఖాస్తులో వరస ఇలా ఉండాలి: "సర్వే నంబరు ఫలానా, మా తోటలోని 40 కొబ్బరి చెట్లలో 11 వేళ్లతో కూలాయి, 6 చెట్లకు మొవ్వులు విరిగాయి, 9 ఒరిగాయి, మిగిలిన 14 చెట్లకు మట్టలు విరిగి కాయలు రాలాయి." అంకెలు మీవి వేసుకోండి. కూడితే మొత్తం సరిపోయేలా చూసుకోండి, సరిపోకపోతే కాగితం మళ్లీ వెనక్కి వస్తుంది.

వరికి మాటలు వేరు. "నేలకొరిగింది" అంటే చేను వాలింది, కొంతైనా కోసుకోవచ్చు. "మునిగింది" అంటే నీటి కింద ఉంది, అప్పుడు ఎన్ని రోజులు ఉందో కూడా రాయాలి. "ఇసుక మేట వేసింది" అంటే పంటతో పాటు నేల కూడా చెడింది. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్లవాళ్లు దీన్ని తప్పకుండా విడిగా రాయాలి, ఎందుకంటే మేట తీయించే ఖర్చు పంట నష్టంలో కలవదు. "కోసుకుపోయింది" అంటే నేలే ఏట్లో కలిసింది. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే పరిహారం లెక్కలోకి వస్తుంది. కాబట్టి "చాలావరకు పోయింది" అనకండి, "ఎకరా పొలంలో 60 సెంట్ల మేర పోయింది" అనండి.

గట్టు గురించి ఒక జాగ్రత్త. "గండి పడింది" అంటే నీటి ఒత్తిడికి దానంతట అది పడింది. "గండి కొట్టారు" అంటే ఎవరో కావాలని కొట్టారని నేరం మోపినట్టు. "గట్టు పొర్లింది" అంటే నీరు పైనుంచి పోయింది, గట్టు మాత్రం నిలిచి ఉంది. ఈ మూడింట్లో ఒకదానికి బదులు ఒకటి రాస్తే ఊళ్లో తగువు మొదలవుతుంది.

ఇంటి సంగతికి వస్తే, గోడ "బీటలిచ్చింది" అంటే నిలబడి ఉంది, "కూలింది" అంటే లేదు. "రేకులు లేచిపోయాయి" అన్నది పాక్షిక నష్టం కింద పోతుంది. గాయాలు రాసేటప్పుడూ ఇంతే: "చేయి విరిగింది" అంటే ఎముక, "చేయి తెగింది" అంటే చర్మమో కండో, "చేయి బెణికింది" అంటే కీలు. తల మాత్రం విరగదు, పగులుతుంది. కుండ, అద్దం, తల పగిలేవి. కర్ర, కొమ్మ, ఎముక విరిగేవి. తాడు, తీగ, గట్టు తెగేవి. బట్ట, కాగితం చిరిగేవి. వస్తువు ఆకారాన్ని బట్టి క్రియ వస్తుందని గుర్తుంటే ఇందులో పొరపాటు రాదు.

ప్రశ్న: రిజిస్టరులో "బిడ్డ పాలు తాగలేదు" అని రాశాను. డాక్టరమ్మ గారు "తాగలేదా, తాగలేకపోయిందా?" అని అడిగారు. రెండూ ఒకటి కాదా? (ఒక ఆశా కార్యకర్త, నెల్లిమర్ల మండలం)

జవాబు: కాదు. ఆవిడ అడిగిన ప్రశ్న చాలా అవసరమైన ప్రశ్న. పాలు తాగలేకపోవడం పసిబిడ్డల్లో ప్రమాద సూచన, వెంటనే ఆసుపత్రికి పంపవలసిన లక్షణం. తాగకపోవడం మాత్రం నిద్రలో ఉండో, కడుపు నిండో కావచ్చు.

చిక్కు మన వ్యాకరణంలోనే ఉంది. జరగలేదని చెప్పే "లేదు" ఎవరికైనా మారదు: నేను తాగలేదు, నువ్వు తాగలేదు, వాళ్లు తాగలేదు. చేతకాదని చెప్పేది మాత్రం మనిషిని బట్టి మారుతుంది: నేను తాగలేను, నువ్వు తాగలేవు, అతను తాగలేడు, వాళ్లు తాగలేరు. ఇలా మారుతూ వచ్చి "ఆమె, అది, బిడ్డ" దగ్గర "తాగలేదు" అవుతుంది. అంటే సరిగ్గా ఆడవాళ్లకూ పసివాళ్లకూ వచ్చేసరికి రెండు అర్థాలూ ఒకే రూపంలో పడ్డాయి. "అతను నడవలేదు" అంటే నడవడం జరగలేదనే. "ఆమె నడవలేదు" అంటే ఏ సంగతో చదివేవాళ్లకు తెలియదు. "ఆవిడ నడవలేరు" అని గౌరవంగా రాస్తే మళ్లీ తేటపడుతుంది.

మన ఉత్తరాంధ్ర వైపు నోటిమాటలో "తాగనేదు" అంటారు, అక్కడా ఇదే ఇబ్బంది. తల్లి "తాగనేదమ్మా" అంటే దాన్ని యథాతథంగా రాసేయకండి. "నోట పెడితే పట్టుకుంటోందా? చప్పరిస్తోందా?" అని అడిగి, అప్పుడు ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోండి.

"తాగలేదు": ఇప్పటిదాకా తాగడం జరగలేదు. దీని పక్కన వేళ తప్పకుండా వేయండి: "ఉదయం 6 నుంచి తాగలేదు".

"తాగడం లేదు": కొన్నాళ్లుగానో కొన్ని గంటలుగానో ఇదే వరస.

"తాగలేకపోతోంది": పట్టినా చప్పరించే శక్తి లేదు. ఇది రాశారంటే వెంటనే పంపాలి.

"తాగనని మొరాయిస్తోంది": శక్తి ఉంది, ముఖం తిప్పేసుకుంటోంది.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. "లేచి కూర్చోలేదు" అని రాయకండి, "లేచి కూర్చోలేకపోతోంది" అని రాయండి. రెండక్షరాలు ఎక్కువైనా ఫరవాలేదు.

ప్రశ్న: చెప్పాను, చెప్పేశాను, చెప్పుకున్నాను, చెప్పిపెట్టాను. అన్నీ "చెప్పు" నుంచి వచ్చినవే కదా, ఇన్నెందుకు? "సెప్పీసినాను" అని మేమంటే తప్పు అంటున్నారు, నిజమేనా? (ఒక డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి)

జవాబు: తెలుగు రుచి అంతా ఈ తోక క్రియల్లోనే ఉంది. అసలు క్రియ ఏం జరిగిందో చెబుతుంది. వెనక వచ్చే చిన్న క్రియ, ఆ పని మీద మాట్లాడేవాళ్ల మనసు ఎలా ఉందో చెబుతుంది.

"చెప్పాను" ఉత్త సమాచారం. "చెప్పేశాను" అంటే పని తెగిపోయింది, మాట నోరు దాటింది, ఇక వెనక్కి రాదు. బరువు దిగిన తేలిక ఉండొచ్చు, తొందరపడ్డానన్న నొచ్చుకోలూ ఉండొచ్చు, ఏదన్నది గొంతును బట్టి తెలుస్తుంది. "చెప్పుకున్నాను" అనగానే ఆ మాట సొంత కష్టం అయిపోతుంది: "పైడితల్లి అమ్మవారికి చెప్పుకున్నాను". అమ్మవారికి "చెప్పాను" అంటే ఏదో కబురు అందించినట్టుంటుంది. అదే "చెప్పుకుంటున్నారు" అని బహువచనంలో వస్తే "నలుగురూ తమలో తాము అనుకుంటున్నారు" అని. "చెప్పిపెట్టాను" అంటే రేపటి అవసరానికి ఈ రోజే చెప్పి ఉంచాను: "పాలబ్బాయికి రెండు లీటర్లు ఎక్కువ చెప్పిపెట్టాను". "చెప్పాపెట్టకుండా వెళ్లాడు" అనే మాటలోనూ ఈ రెండు క్రియలే ఉన్నాయి. "చెప్పిచూశాను" అంటే చెప్పాను, వినలేదు. ఆ "వినలేదు" పైకి అనకపోయినా వినబడుతుంది. "చెప్పబోయాను" అంటే నోటిదాకా వచ్చి ఆగింది.

ఇక "పోవు", "వేయు" జంట. "వేయు" సాధారణంగా మనిషి తన ఇష్టంతో చేసే పనులకు తగులుతుంది: తినేశాడు, అమ్మేశాడు, వచ్చేశాడు. "పోవు" దానంతట అది జరిగేవాటికి తగులుతుంది: కరిగిపోయింది, మాసిపోయింది, మరిచిపోయాను. "గ్లాసు పగిలిపోయింది" అన్నప్పుడు చేసినవాడు వాక్యంలో లేడు, "గ్లాసు పగలగొట్టేశాను" అన్నప్పుడు ఎదురుగా నిలబడ్డాడు. పిల్లలు మొదటిదాన్నే ఎంచుకుంటారు. ఏదైనా పొరపాటు జరిగాక పెద్దలు రాసే సంజాయిషీ కాగితాలు చూడండి, "ఫైలు కనబడకుండా పోయింది" అనే ఉంటుంది, "పోగొట్టాను" అని ఉండదు. "తినిపోయాడు" అంటే మాత్రం తిని వెళ్లాడని, అక్కడ "పోవు" తోక కాదు, సొంత అర్థంతో నిలబడింది. ఈ రెంటినీ కలపకండి.

"సెప్పీసినాను" తప్పు కాదు. అది "చెప్పివేసినాను" మన కళింగాంధ్రలో, అంటే ఉత్తరాంధ్రలో, తీసుకున్న రూపం. తినీసినాడు, ఒచ్చీసినాడు, ఎల్లిపోనాది: వీటన్నిటికీ నియమం ఉంది, మాట్లాడేవాళ్లెవరూ ఆ నియమం తప్పరు. నియమం ఉన్నదాన్ని తప్పు అనకూడదు. పరీక్ష పేపరులో, కార్యాలయానికి రాసే కాగితంలో "చెప్పేశాను" రాయండి, ఇంట్లో "సెప్పీసినాను" అనండి. జనం నోటి తెలుగే రాతకూ తగినదని జీవితమంతా వాదించిన గిడుగు వెంకట రామమూర్తి గారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, ఇక్కడి పిల్లల్ని వాళ్ల ఇంటి మాటకు సిగ్గుపడేలా చేయడం అన్యాయం.

ప్రశ్న: వార్తలు రాసేటప్పుడు "అన్నారు" ఎన్నిసార్లని రాస్తాం! అందుకని తెలిపారు, వెల్లడించారు, పేర్కొన్నారు, స్పష్టం చేశారు అని మార్చి మార్చి వేస్తున్నాను. పరవాలేదా? (ఒక మండల విలేకరి, గజపతినగరం)

జవాబు: విసుగు పోవడానికి మారుస్తున్నారు గానీ, మార్చినప్పుడల్లా వార్త అర్థం కూడా మారుతోంది. "అన్నారు", "చెప్పారు" అన్నప్పుడు మీరు ఏ పక్షమూ కారు. "తెలిపారు" సమాచారం ఇచ్చే హోదాలో ఉన్నవాళ్లకు సరిపోతుంది: తహసీల్దారు తెలిపారు, డిపో మేనేజరు తెలిపారు. "పేర్కొన్నారు" రాతలో ఉన్నదానికి నప్పుతుంది: "నివేదికలో పేర్కొన్నారు". ప్రెస్ మీట్లో గొంతెత్తి మాట్లాడినవాడు పేర్కొనడు.

"వెల్లడించారు" ప్రమాదకరమైన మాట. దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టారని దాని అర్థం. "ఎదుటి వర్గం డబ్బు పంచిందని ఆయన వెల్లడించారు" అని రాశారా, పంచిందని మీరే సాక్ష్యం చెప్పినట్టు. అక్కడ రాయవలసింది "ఆరోపించారు". "స్పష్టం చేశారు" రావాలంటే అంతకుముందు ఒక అస్పష్టత ఉండాలి, "గుర్తుచేశారు" రావాలంటే గుర్తుచేసిన సంగతి నిజమై ఉండాలి. "ఖండించారు" రెండు రకాలు: దాడిని ఖండించారంటే తప్పుపట్టారు, ఆరోపణను ఖండించారంటే అది నిజం కాదన్నారు. దేన్ని ఖండించారో పక్కనే రాయకపోతే పాఠకుడు తికమకపడతాడు.

"ఒప్పుకున్నాడు" దగ్గర మరీ జాగ్రత్త. "దొంగతనం చేసినట్టు నిందితుడు ఒప్పుకున్నాడు" అని విడిగా రాయకండి, "ఒప్పుకున్నట్టు పోలీసులు తెలిపారు" అనండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరానికి రుజువుగా చెల్లదు, రేపు అతను నిర్దోషిగా బయటపడితే మీ వాక్యం మీ మెడకే చుట్టుకుంటుంది. అనుమానితుడు, నిందితుడు, దోషి అన్నవి మూడు మెట్లు. కోర్టు తీర్పు వచ్చేదాకా మూడో మెట్టు ఎక్కించకూడదు.

"గల్లంతు" నీళ్లలో కనబడకుండా పోయినవాళ్లకే: నాగావళిలో స్నానానికి దిగి గల్లంతయ్యాడు. ఇంటి నుంచి వెళ్లి తిరిగిరానివాడు "అదృశ్యం". "మృతుడు" చనిపోయినవాడు, "హతుడు" చంపబడినవాడు. పోస్టుమార్టం కాకుండా రెండోది రాయకండి. ఇక విన్న సంగతిని నోటిమాటలో "వచ్చాడట", మన దగ్గర "ఒచ్చినాడంట" అనేస్తాం. వార్తలో ఆ పని "తెలిసింది", "తెలుస్తోంది" చేస్తాయి. ఇవీ సమానం కాదు: "తెలిసింది" అంటే ఒకచోటైనా మీరు నిర్ధారించుకున్నారు, "తెలుస్తోంది" అంటే ఇంకా ఆనవాళ్లే.

ప్రశ్న: కర్మ కార్డులు కొట్టే పని మాది. కాలం చేశారు, పరమపదించారు, స్వర్గస్తులైనారు: పార్టీ ఏది చెబితే అది వేస్తున్నాం. ఏది ఎవరికి తగినదో చెప్పండి. (ఒక డీటీపీ ఆపరేటరు, శ్రీకాకుళం)

జవాబు: ముందు అక్షరం సరిచేసుకోండి: "స్వర్గస్థులు", థకు ఒత్తు ఉంది. స్వర్గంలో ఉన్నవారు అని.

"కాలం చేశారు" పెద్దవయసువాళ్లకు, నిండు జీవితం గడిపినవాళ్లకు. పాతికేళ్లవాడు పోతే ఈ మాట వేయకూడదు, చదివినవాళ్ల గుండె చివుక్కుమంటుంది. "పరమపదించారు" వైష్ణవుల మాట, పరమపదం విష్ణువు సన్నిధి. శైవ కుటుంబమైతే "శివైక్యం చెందారు", వీరశైవులైతే "లింగైక్యం". క్రైస్తవులు "ప్రభువునందు నిద్రించారు" అంటారు. "కన్నుమూశారు" మంచం మీద ప్రశాంతంగా పోయినవాళ్లకు బాగుంటుంది, రోడ్డు ప్రమాదానికి నప్పదు. "తనువు చాలించారు" అన్నది పత్రికల్లో ఆత్మహత్యలకూ వాడేస్తున్నారు. కార్డు మీద వేస్తే లేనిపోని అనుమానం వస్తుంది, వద్దని చెప్పండి. "దుర్మరణం" వార్తాపత్రిక మాట, సొంతవాళ్లు రాసుకునేది కాదు. "అమరులయ్యారు" సైనికులకు, ఉద్యమాల్లో పోయినవాళ్లకు. ఏదీ తేలకపోతే "మరణించారు" చాలు, అందులో అమర్యాద ఏమీ లేదు. అమర్యాద ఉన్నది "చచ్చిపోయారు" లోనే. "చనిపోయారు" దానికి తోబుట్టువులా కనిపించినా మర్యాద తప్పదు.

పేరు ముందు "దివంగత", "కీర్తిశేషులు", "స్వర్గీయ" మూడింట్లో ఒకటే వేయండి. కొందరు రెండేసి వేయిస్తున్నారు. ఇంకొకటి, ఈ కార్డులో "ఆహ్వానం", "విచ్చేసి", "విందు" లాంటి శుభకార్యం మాటలు రాకూడదు. "తెలియజేయడమైనది", "హాజరు కావలసిందిగా కోరుతున్నాము", "భోజనం" సరిపోతాయి. చావింటి నుంచి కదిలేటప్పుడు మనవాళ్లు "వెళ్లొస్తాం" అనకుండా లేచి వచ్చేస్తారు కదా, కార్డు మీద మాటకూ ఆ పట్టింపే ఉంది.

ప్రశ్న: రేషను బియ్యం "పాడైపోయాయి" అని ఫిర్యాదు రాస్తే సరిపోతుందా? (ఒక గృహిణి, రాజాం)

జవాబు: సరిపోదు. పాడవడంలో చాలా రకాలు ఉన్నాయి, ఒక్కోదానికి కారణం వేరు, బాధ్యుడు వేరు. బియ్యం "ముక్కాయి" అంటే చెమ్మ తగిలి మూసుకుపోయిన వాసన కొడుతున్నాయి, కడిగినా పోదు. "పురుగు పట్టాయి" అంటే నిలవలో శ్రద్ధ లేదు. "తుట్టె కట్టాయి" అంటే గింజలు గూడులా అల్లుకుని ఉండలయ్యాయి, పురుగు ముదిరిందన్నమాట. "నూక ఎక్కువ" అంటే మిల్లులో తేడా. "రంగు మారాయి" అంటే వడ్లు తడిసి ఉండొచ్చు. మీకు కనిపించినదేదో ఆ మాటే రాసి, ఎన్ని కిలోల్లో ఎంత ఉందో చెప్పండి, గుప్పెడు బియ్యం పొట్లం కట్టి జతచేయండి.

వంటింటి మాటలు కూడా అడిగారు. పాలు విరుగుతాయి, గుడ్డు మురుగుతుంది, పండు కుళ్లుతుంది, ఆవకాయకు బూజు పడుతుంది, నూనె, వేరుశనగ గుళ్లు కనరెక్కుతాయి. అన్నం "చద్ది" అయితే తినొచ్చు, "పాచిపోతే" పారబోయాలి. ఈ రెంటినీ ఒకటిగా వాడేవాళ్ల వల్ల చద్దన్నానికి చెడ్డపేరు వచ్చింది. పిండి "పులిసింది" అంటే అట్లకు సిద్ధం, "పులిసిపోయింది" అంటే వేళ దాటింది. పైన బొబ్బిలి జవాబులో చెప్పిన "పోవు" ఇక్కడా పనిచేసింది చూడండి.

ప్రశ్న: సన్మాన సభలో "కష్టకాలంలో మాకు చేయిచ్చిన దాతలకు ధన్యవాదాలు" అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు? (ఒక యువజన సంఘం సభ్యుడు, ఆమదాలవలస)

జవాబు: "చేయిచ్చారు" అంటే నమ్మించి ముంచారని. మీరు అనవలసింది "చేయందించిన దాతలు". చేయితో వచ్చే పలుకుబళ్లు ఒక్క క్రియ మారితే తలకిందులవుతాయి. చేయి కలిపాడు అంటే జతకట్టాడు. చేయి చేసుకున్నాడు అంటే కొట్టాడు. చేయి చాపాడు అంటే అడుక్కున్నాడు. చేయి తడిపాడు అంటే లంచమిచ్చాడు. చేతులు దులుపుకున్నాడు అంటే బాధ్యత వదిలేశాడు. చేయి తిరిగినవాడు మాత్రం పనిమంతుడు. వేదిక మీద అలవాటు లేని పలుకుబడి కంటే "ఆదుకున్న దాతలు" అనేయడమే క్షేమం.

ప్రశ్న: గుంటూరు నుంచి బదిలీ మీద విజయనగరం జిల్లాకు వచ్చాను. పిల్లలు "తీర్థానికి వెళ్తాం, సెలవు కావాలి" అంటే కాశీ యాత్ర అనుకున్నాను. ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి? (ఒక ఉపాధ్యాయిని, చీపురుపల్లి)

జవాబు: ఇక్కడ "తీర్థం" అంటే ఊరి జాతర, దుకాణాలు, రంగులరాట్నాలతో సహా. గుడిలో పూజారి చేతిలో పోసేదీ తీర్థమే, దూరం వెళ్లి మునిగేదీ తీర్థమే. పక్కన "వెళ్తాం" వస్తే జాతర, "పుచ్చుకుంటాం" వస్తే గుడి. "సంబరం" అంటే మీ వైపు ఉత్త ఆనందం, ఇక్కడ గ్రామదేవత పండగ. అమ్మవారి సిరిమాను ఉత్సవానికి ముందు రోజు "తొలేళ్లు". పండగ ముగిశాక అమ్మవారిని సాగనంపడం "అనుపు".

నీటి మాటలు: "గెడ్డ" అంటే వాగు లాంటిది, కొండవాలు నుంచి దిగివచ్చేది. "బంద" అంటే చిన్న చెరువు. "గరువు" మెట్ట నేల. "ఉభాలు" అంటే వరినాట్లు. ఆ రోజుల్లో హాజరు తగ్గితే కారణం అదే కావచ్చు.

"గుంట" వింటే మీకు గొయ్యి గుర్తొస్తుంది, ఇక్కడ ఆడపిల్ల, "గుంటడు" మగపిల్లవాడు. ఇంట్లోవాళ్లు అంటే ముద్దు. పరాయివాళ్లు అంటే, ముఖ్యంగా టీచరు అంటే, తీసిపారేసినట్టు ఉంటుంది. మీరు "పిల్ల", "బాబు" అనే అనండి. మిమ్మల్ని కలవడానికి వచ్చిన పెద్దాయన మీ తోటి మాస్టారిని "బావూ" అని పిలిస్తే అది "బాబూ" అన్న మర్యాద, బావ వరస కాదు. "అప్ప" అంటే అక్క. "బేగి" అంటే త్వరగా, దాంట్లో విసుగు ఏమీ లేదు. "ఏటి?" అన్నది "ఏమిటి?" అనే. మీ చెవికి దురుసుగా తోచినా పిల్లవాడు పొగరుగా అడగలేదు. అతనిది దురుసో కాదో "ఏటి"ని బట్టి కాక చివర "అండి" ఉందో లేదో చూసి తేల్చుకోండి: "ఏటండి?" అన్నాడంటే పూర్తి మర్యాద పాటించాడు.

ప్రశ్న: కలెక్టరు గారికిచ్చే అర్జీలో "మన ఊరికి రోడ్డు లేదు" అనాలా, "మా ఊరికి" అనాలా? (ఒక వార్డు సభ్యుడు, ఎస్.కోట మండలం)

జవాబు: "మా ఊరికి". "మన" అంటే వినేవాళ్లను కూడా కలుపుకున్నట్టు, కలెక్టరు గారిది మీ ఊరు కాదు. గ్రామసభలో ఊరివాళ్ల ముందు మాట్లాడేటప్పుడు మాత్రం "మన ఊరు" అనే అనాలి. అక్కడ "మా ఊరు" అంటే ఎదుట కూర్చున్నవాళ్లను బయట పెట్టినట్టవుతుంది. జిల్లా విషయానికొస్తే "మన జిల్లా" అనొచ్చు, ఆయనా దానికి చెందినవారే.

ప్రశ్న: కొంచెం, కొంత, కాస్త? (పోస్టుకార్డు మీద ఇంతే ఉంది, ఊరు నరసన్నపేట)

జవాబు: "కొంచెం" అంటే తక్కువ అని తూకం వేసినట్టు: కూరలో ఉప్పు కొంచెం వేయండి. "కొంత" అంటే మొత్తంలో ఒక భాగం, అది తక్కువే కానక్కర్లేదు: అప్పులో కొంత తీర్చాడు. ఇక్కడ "కొంచెం తీర్చాడు" అంటే తీర్చింది చాలదని ఎత్తిపొడిచినట్టు. "కాస్త" చాలాసార్లు కొలతే కాదు, అడగడంలో మెత్తదనం: "కాస్త జరగండి" అంటే అంగుళం జరగమని కాదు, దయచేసి జరగమని. అందుకే వంట విధానం రాసేటప్పుడు "కాస్త పసుపు" అని రాయకండి, "పావు చెంచా" అని రాయండి. బస్సులో మాత్రం "కొంత జరగండి" అనకండి.